అప్ప కోసం వెతికిన బ్యాటరీలు

మా అప్ప, అంటే పెద్దక్క, అడ్డపొగ తాగేది. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, వెలిగించని కొసను బయటికి ఉంచి పీల్చేది. చూడనివాళ్లకు చెబితే నమ్మరు. మా వైపు కొండల్లోనూ, కింద పల్లెల్లోనూ అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మ తాగేది, అమ్మమ్మ తాగేది. కాఫీ తోటలో కలుపు తీసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ముసురు పట్టినా గాలి కొట్టినా చుట్ట ఆరిపోకూడదు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే నోట్లో ఆ కాస్త వేడి ఉండాలి. అప్ప ఎప్పుడు మొదలుపెట్టిందో తనకే గుర్తులేదు.

మా నాన్న కురుపాం దగ్గరి సొంతూరు వదిలి రోడ్డు పనుల కోసం ముంచింగిపుట్టు వచ్చి అక్కడే ఉండిపోయాడు. మేం ముగ్గురం. అప్ప పెద్దది, తరవాత నేను, చివర మా తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక మమ్మల్ని అప్పే చదివించింది. పెళ్లయిన కొద్దికాలానికే మా బావ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. తోటల్లో పళ్లు కోస్తూ, గింజలు ఎండబెడుతూ, ఏరుతూ మా ఇద్దరినీ ఒడ్డుకు చేర్చింది. నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్నయ్యాను. తమ్ముడు ఐటీఐ చేసి సరుకు ఓడల్లో ఇంజన్ గదిలో పనికి కుదిరాడు. ఒకసారి ఓడెక్కితే నెలల తరబడి రాడు. అప్పా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఒక చలికాలం అప్ప అన్నంలో కారం తగ్గించమంది. చారు కూడా చల్లారాక పోసుకునేది. నోరు మండుతోందని ఒప్పించడానికే నాకు వారం పట్టింది. వాకిట్లో కూర్చోబెట్టి నోరు తెరిపించి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలి అంతా కాలి గట్టిపడిన రొట్టెలా గోధుమరంగులో ఉంది. నడుమ తెల్లటి మచ్చలు. విశాఖపట్నం తీసుకెళ్లాను. పళ్ల డాక్టరు చూసి, అడ్డపొగ తాగేవాళ్లకు ఇలాగే వస్తుందని, ముందు చుట్ట పూర్తిగా మానాలని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామని చెప్పింది. ముక్క తీయడమనే మాట వినగానే అప్ప కుర్చీలోంచి లేచిపోయింది. మానేశాక మళ్లీ వస్తామని చెప్పి నన్ను లాక్కుని బయటికొచ్చేసింది. బస్సులో ఎంత చెప్పినా కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

మానడానికి మాత్రం నిజంగానే ప్రయత్నించింది. చుట్టలన్నీ పొయ్యిలో పడేసింది. రెండు రోజులు ఇల్లు కడిగింది, అంట్లు తోమినవే తోమింది. మూడో రోజుకు ఏ పనీ మొదలుపెట్టి ముగించలేకపోయింది. నిద్ర లేదు. పక్కింటావిడతో లేనిపోని తగువు పెట్టుకుంది. నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుని తాగుతోంది. నన్ను చూసి దాచలేదు.

"పొగ లేకపోతే నా నోరు నాది కానట్టుంటాది గుంటా," అంది.

ఆ తరవాతి వేసవిలో తమ్ముడు సెలవు మీద వచ్చాడు. అప్ప సంగతి విని తన బ్యాగులోంచి ఒక యంత్రం తీశాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. పైన చిన్న గాజు గొట్టం, దాని మీద నోట్లో పెట్టుకునే మొన. గాజు గొట్టంలో నికోటిన్ కలిసిన ద్రవం పోస్తే, లోపలి తీగ వేడెక్కి దాన్ని పొగలా చేస్తుంది. వేప్ అంటారన్నాడు. ఓడలో తన సిగరెట్లు దీనితోనే మానాడట. ఇది మంచిదని చెప్పనుగానీ, నిప్పు నోట్లో పెట్టుకోవడం కంటే నయం కదా అన్నాడు. మన దేశంలో వీటిని అమ్మకూడదని, బయటి నుంచి తేకూడదని చట్టం ఉందని కూడా అతనే చెప్పాడు. నాకు భయం వేసింది. కానీ అప్ప నోరు కళ్లారా చూసినదాన్ని. ఊరుకున్నాను.

అప్ప మొదట దాన్ని తలకిందులుగా పట్టుకుంది. అలవాటు కొద్దీ అడుగు భాగాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది. తమ్ముడు నవ్వి చెయ్యి తిప్పి పట్టించాడు. మొదటి దమ్ముకే పొలమారి కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఇందులో వేడి ఏదిరా, చప్పగా ఉంది అని గొణిగింది. అయినా వదల్లేదు. తమ్ముడు వెళ్లేనాటికి పొద్దున లేవగానే యంత్రం పట్టుకునేది. చుట్ట అన్నం తిన్నాక ఒకటికి దిగింది. అంగిలి మంట కాస్త తగ్గిందని తనే చెప్పింది. ఆ రోజుల్లో నాకు నిజంగానే ఆశ కలిగింది. ఇంకో నెల ఇలా గడిస్తే డాక్టరు దగ్గరికి నడిపించుకు వెళ్లగలననుకున్నాను.

ఆ యంత్రానికి కింద మూత ఉంటుంది. మూత తీసి ఒక బ్యాటరీ వేయాలి. టార్చిలైట్లలో వేసే మామూలు బ్యాటరీకంటే లావు, కాస్త పొడుగు, ఛార్జింగు పెట్టుకునేది. తమ్ముడు సరిపడా ద్రవంతోపాటు అలాంటివి రెండు ఇచ్చాడు. ఒకటి వాడుతుంటే రెండోది విడిగా ఉన్న ఛార్జరులో పెట్టాలి. పడుకున్నప్పుడూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడూ పెట్టకూడదు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఏ మాత్రం చిరిగినా ఇక దాన్ని వాడకూడదు. అప్పకు ఒకటికి రెండుసార్లు చెప్పి, నాకూ చెప్పి వెళ్లాడు.

వానాకాలంలో తోటలో ఉండగా ఒక బ్యాటరీ అప్ప చేతిలోంచి జారి గెడ్డలో పడిపోయింది. వాగు పొంగి ఉంది, దొరకలేదు. రెండోది యంత్రంలో బిగుసుకుపోతే పిన్నీసుతో పెకిలించి తీసింది. పై కొన దగ్గర తొడుగు చీలి లోపలి ఇనుము కనబడింది. అప్పకు అది చిన్న గీతలా అనిపించింది. నేను దాన్ని తీసి మట్టిపిడతలో పెట్టి పెరటి గూట్లో ఉంచాను. తమ్ముడికి ఫోన్ చేస్తే కలవలేదు. నడి సముద్రంలో ఉన్నాడు.

అలా నా వెతుకులాట మొదలైంది. ముందు మా ఊళ్లో ఫోన్లు బాగుచేసే కొట్టుకు వెళ్లాను. అతను యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడ గడియారంలో వేసే సన్న బ్యాటరీ తీసి, అది లోపల గలగలాడుతుంటే చుట్టూ కాగితం మడిచి దూర్చబోయాడు. నేను యంత్రం వెనక్కి తీసుకున్నాను. ఆదివారం బస్సెక్కి అరకు వెళ్లాను. అక్కడ ఒక కొట్టులో పాత లాప్‌టాప్ బ్యాటరీని పగలగొట్టి లోపలివి విడదీసి అమ్ముతున్నారు. కొలత సరిపోయింది. కానీ వాటి మీద టంకం మరకలున్నాయి. ఒకదానికి తొడుగు సగం ఊడింది. కొత్త తొడుగు వేసిస్తాను, ఎవరికీ తెలీదన్నాడు. ఎవరికి తెలియాలో నాకు అర్థం కాలేదు. ఇంకో కొట్టులో తలకు కట్టుకునే లైట్ల బ్యాటరీలు చూపించారు. నెత్తిన చిన్న బొడిపె ఉండి, అంగుళంలో ఏ పదో వంతో పొడుగెక్కువ. యంత్రం మూత పడలేదు. కొట్టతను బొటనవేలితో నొక్కి పట్టి, గట్టిగా తిప్పితే పడుతుందండీ అన్నాడు. గట్టిగా తిప్పి మూత వేయాల్సిన బ్యాటరీని అప్ప ముఖం దగ్గర ఎలా పెట్టనిస్తాననుకుని కొనకుండా వచ్చేశాను.

ఆ వారమంతా అప్ప మళ్లీ చుట్టలకు దిగింది. అన్నం తిన్నాక ఒకటి అన్నది, పొద్దున ఒకటి, తోటలో రెండు అయ్యాయి. యంత్రం బాగవగానే మానేస్తానని నా తల మీద చెయ్యి పెట్టబోయింది. వద్దన్నాను.

తమ్ముడి ఓడ ఏదో రేవుకు చేరాక ఫోన్ కలిసింది. నేను చూసినవన్నీ వరసగా చెప్పాను. అతను మధ్యలో ఆపి ఒక్కొక్కటే అడిగాడు. మీద ఏం రాసుందని అడిగాడు. ఒకదాని మీద తొమ్మిది వేల తొమ్మిది వందల ఎంఏహెచ్ అని ఉందని చెప్పాను.

"అది అబద్ధం చిన్నప్పా. అంత సైజు బ్యాటరీలో అంత శక్తి పట్టదు. పెద్ద అంకె ఉంటే కొనకు. ఎన్ని ఆంపియర్లు ఆగకుండా ఇవ్వగలదో అది సూడాలి. టార్చిలైటు కొంచెం కొంచెంగా తాగుతాది. ఇది ఒక్కసారే లాగేత్తాది. దానికి తగినది కాకపోతే లోపల కాలిపోతాది," అన్నాడు.

మిగతావి కూడా చెప్పాడు. నెత్తి చదునుగా ఉండాలి. మూత వేళ్లతో తిప్పితే పడాలి, బలం పెట్టకూడదు. లోపల కదలకూడదు. లాప్‌టాప్‌లోంచి తీసినవి ఎన్నేళ్లవో, ఎంత నలిగాయో ఎవరికీ తెలియదు కాబట్టి వద్దు. నకిలీవి చేతిలో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంటాయి. అలాంటివి ఇక్కడ దొరకవని ఇద్దరికీ అర్థమైంది. తనతో పనిచేసిన ఒకతను విశాఖపట్నం వస్తున్నాడని, అతని చేత నమ్మకమైనవి పంపిస్తానని చెప్పాడు. అతను వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో చెప్పలేనన్నాడు. అప్పటివరకూ ఏవీ కొనొద్దని అప్పకు చెప్పమన్నాడు.

చెప్పాను. అప్ప తలూపింది. కానీ ఆవిడ కష్టం ఆవిడది. సంత రోజున నేను బడిలో ఉండగా ఒడిశా వైపు నుంచి వచ్చి టార్చిలు అమ్మే మనిషి దగ్గరికి యంత్రం పట్టుకుని వెళ్లింది. అతని దగ్గరున్న బ్యాటరీల్లో ఒక రకం చక్కగా సరిపోయింది. మూత పడింది, బటన్ నొక్కితే లైటు వెలిగింది, పొగ వచ్చింది. సంతోషపడి రెండు కొనుక్కుంది. ఒకటి యంత్రంలో వేసుకుంది. రెండోది చీర కుచ్చిళ్ల పక్కన రొంటిన దోపుకుంది. ఇంటి తాళంచెవీ, సంతలో మిగిలిన చిల్లరా కూడా అక్కడే ఉన్నాయి. అప్ప ఏది దాచినా అక్కడే దాచేది. ఆవిడకు అదే పర్సు, అదే బీరువా.

సంత నుంచి ఇంటికి నడుస్తూ ఎత్తు ఎక్కుతోంది. నడుము దగ్గర వెచ్చగా తగిలిందట. చెమట అనుకుంది. తరవాత చురుక్కుమంది. చెయ్యి పెట్టేలోపే రొంటినున్న బ్యాటరీ నిప్పు కక్కింది. కట్టుకున్నది నైలాన్ చీర. కాలి ఒంటికి అతుక్కుపోయింది. వెనకాల కట్టెలు మోసుకొస్తున్న ఆడవాళ్లు మోపులు పడేసి, చీర లాగేసి, పక్క పొలంలో నీళ్లలో కూర్చోబెట్టారు. బడికి కబురొస్తే పరిగెత్తాను. నేను ఆరోగ్య కేంద్రానికి చేరేసరికి నర్సు గుడ్డ ముక్కలు ఒక్కొక్కటీ ఊడదీస్తోంది. తాళంచెవి ఆకారం అప్ప తుంటి మీద పడింది. రసాయనం వాసన గదంతా నిండింది.

"నాను సరిగ్గానే ఎట్టినానే. అది పట్టింది కదా. సరిగ్గా పట్టింది," అంది అప్ప. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది.

యంత్రంలో వేసిన బ్యాటరీకి ఏమీ కాలేదు. అప్పను కాల్చింది విడిగా ఉన్నది. తాళంచెవి, చిల్లర డబ్బులు దాని రెండు కొసల్నీ కలిపేశాయని తమ్ముడు తరవాత వివరించాడు. మంచి బ్యాటరీ అయినా అలా పెడితే అంతేనట, ప్లాస్టిక్ పెట్టె లేకుండా ఎక్కడికీ తీసుకెళ్లకూడదట. ఆ ఒక్కటీ తను వెళ్లేముందు చెప్పలేదని ఫోనులో ఏడ్చాడు. ఓడలో అందరికీ పెట్టెలుంటాయి కాబట్టి అతనికి తట్టలేదు.

పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. అప్ప పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. సంతలో కొన్న ఆ మిగిలిన బ్యాటరీని నేను యంత్రంలోంచి తీసి, ఆ పాతదానితోపాటు మట్టిపిడతలో పడేశాను. మంచం మీద ఉన్నన్నాళ్లూ అప్ప చుట్టే తాగింది. నేను కాదనలేకపోయాను. నొప్పి ఓర్చుకోవడానికి ఆవిడకు తెలిసింది అదొక్కటే. నేను చుట్ట తెచ్చి ఇచ్చినప్పుడల్లా నా ముఖం చూసేది కాదు.

ఆవిడ లేచి తిరిగే వేళకు తమ్ముడు పంపిన మనిషి విశాఖపట్నం చేరాడు. నేను వెళ్లి తీసుకున్నాను. నాలుగు బ్యాటరీలు, రెండేసి పట్టే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు రెండు. నెత్తి చదును. తొడుగు ఎక్కడా నలగలేదు. చేతిలో బరువుగా ఉన్నాయి. ఇంటికి తెచ్చి వాకిట్లో కూర్చుని యంత్రంలో వేశాను. రెండు వేళ్లతో తిప్పితే మూత మెత్తగా పడింది. ఊపినా చప్పుడు లేదు. కాసేపు బటన్ నొక్కి వదులుతూ చేత్తో పట్టుకుని చూశాను. వేడెక్కలేదు. ఇన్నాళ్లు నేను వెతికింది సరిగ్గా ఇదే. అప్పను పిలిచి చూపించాను. గుమ్మం దాటి రాలేదు.

"దాన్ని నా కంటికి సూపించకు. నిప్పుని నోట్లో ఎట్టుకున్నాను ఇన్నేళ్లూ. ఒక్కనాడు నన్ను కాల్చలేదు," అంది.

కాల్చిందని, అంగిలి చూసుకొమ్మని నా నోటిదాకా వచ్చింది. మర్నాడూ ఆ మర్నాడూ అడిగి చూశాను. పెట్టె ఎలా మూతపడుతుందో చూపించాను. దగ్గరికి తీసుకెళితే ఆవిడ చెయ్యి తనకు తెలీకుండానే తుంటి మీదికి వెళ్లేది. తరవాత అడగడం మానేశాను.

చలి మొదలయ్యేసరికి అప్ప మాట మారింది. ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఉండేది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ఈసారి ముక్క తీయడానికి ఒప్పుకుంది, ఒప్పుకోక ఏం చేస్తుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో తీశారు. క్యాన్సర్ అని తేలింది. అంగిలి ఎముక తిని పైకి పాకిందని, కోసి తీసే దశ దాటిందని చెప్పారు. నేను డాక్టరును విడిగా కలిసి, ఆ యంత్రం సంగతి, బ్యాటరీల సంగతి, కాలిన సంగతి అంతా చెప్పాను. బ్యాటరీ ముందే దొరికి ఉంటే, చుట్ట పూర్తిగా మానేసి ఉంటే ఇలా అయ్యేది కాదా అని అడిగాను. ఆయన పెద్దవాడు, ఓపిగ్గా విన్నాడు.

"ఆ యంత్రం మందు కాదమ్మా. పోయిన ఏడు మీరు పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినప్పటికే ఇది మొదలై ఉంటుంది," అన్నాడు.

అంటే నేను కొట్లు తిరిగినప్పుడూ, కొలతలు చూసినప్పుడూ, మూత పడుతుందా లేదా అని వేళ్లతో తిప్పి చూసినప్పుడూ, ఆవిడ నోట్లో జరిగేది జరుగుతూనే ఉంది. ఆ మాట విన్నాక ఊరట కలగాలి. కలగలేదు.

రేడియేషన్ కరెంటు పెట్టడానికి కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచారు. నోరంతా పుండ్లు పడి అప్ప తిండి మానేసింది. మధ్యలోనే ఇంటికి తీసుకుపొమ్మని నా కొంగు పట్టుకుంది. డాక్టర్లు కూడా పట్టుబట్టలేదు. ఇంటికొచ్చాక రాగి అంబలి పలచన చేసి, ఆసుపత్రిలో ముక్కుకు వేసిన గొట్టంలోంచి పోసేదాన్ని. మాట దాదాపు పోయింది. సైగలు చేసేది, తప్పనిసరైతే నాలుగు మాటలు.

ఒక మధ్యాహ్నం చుట్ట కావాలని సైగ చేసింది. వెలిగించి ఇచ్చాను. పెదాలు బిగపట్టలేకపోయింది, దమ్ము రాలేదు. కాసేపు ప్రయత్నించి నా చేతికి ఇచ్చేసింది.

"నివ్వు తాగే. నాను వాసన సూత్తాను," అంది.

నేను జన్మలో పొగ తాగలేదు. చుట్టను మామూలుగా, నిప్పు బయటికి పెట్టి పీల్చాను. దగ్గు వచ్చి కళ్లు మసకబారాయి. ఆవిడ కళ్లు మూసుకుని ముక్కు నా వైపు తిప్పి పడుకుంది. చుట్ట అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను. తరవాత కొన్ని మధ్యాహ్నాలు అదే పని. బడిలో పిల్లలు నా దగ్గర చుట్ట వాసన వస్తోందని చెవులు కొరుక్కున్నారు.

కాఫీ చెట్లు పూసే వేళకు అప్ప పోయింది. తమ్ముడికి ఓడ దిగే వీలు కుదిరి వచ్చేసరికి పెద్దకార్యం కూడా అయిపోయింది. తోటలో అప్పతో పనిచేసిన ఆడవాళ్లు అతన్ని పలకరించడానికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. అప్పకు ఏం జబ్బు చేసిందో, ఎందుకు చేసిందో వాళ్లకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు, కళ్లు తుడుచుకున్నారు. అందులో ఒకావిడ వింటూ వింటూనే చుట్ట వెలిగించి, నిప్పును లోపలికి తిప్పుకుంది.

వాళ్లు వెళ్లాక తమ్ముడు మొదట తను రెండు కాక నాలుగు బ్యాటరీలు ఇచ్చి ఉంటే, పెట్టె ఒకటి ఇచ్చి ఉంటే అని మొదలుపెట్టాడు. డాక్టరు అన్నది చెప్పాను. విన్నాడు, తలూపాడు, మళ్లీ అదే మాట మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆపడం నా వల్ల కాలేదు. కొంతసేపటికి లేచి పెరట్లోకి వెళ్లి తన వేప్ తీసి పీల్చాడు. గోడ మీదుగా తెల్లగా పొగ లేచింది.

వెళ్లే రోజున పంపిన బ్యాటరీలు ఉన్నాయా అని అడిగాడు. తెచ్చి ఇచ్చాను. ఒక్కొక్కటీ వెలుతుర్లో తిప్పి తొడుగు చూసి, పెట్టెల్లో పెట్టి బ్యాగులో వేసుకున్నాడు. నువ్వు ఆ వేప్ కూడా మానెయ్యరా అన్నాను.

"సిగరెట్లు మానేసినాను కదా చిన్నప్పా. బ్యాటరీ మంచిదైతే దీనితో ఏటీ అవదు," అన్నాడు.

అతన్ని బస్సెక్కించాను. బస్సు కదిలాక బడికి వెళ్లాను. ఆ రోజు పదో తరగతికి పాఠం మొదలుపెట్టి, తమ్ముడి చివరి మాటే చెవిలో మోగుతుంటే మధ్యలో ఆపేశాను. పుస్తకాలు మూసి మీరే చదువుకోండని చెప్పి కుర్చీలో కూర్చుండిపోయాను.